నెల్లూరు నుంచి మూడు గంటలే: కాలేజీ నుంచి ఆర్మీ ఆఫీసరు దాకా

నెల్లూరులో పొద్దున్నే రైలెక్కితే మూడు గంటల్లో చెన్నై సెంట్రల్‌లో దిగొచ్చు. అక్కడ ఎయిర్‌పోర్టు వైపు వెళ్లే మెట్రో ఎక్కితే, ఎయిర్‌పోర్టుకు కాస్త ముందు వచ్చే ఒక స్టేషన్ పేరులోనే ‘ఓటీఏ’ అని వినిపిస్తుంది. ఓటీఏ అంటే ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ. చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, 1963లో, ట్రైనింగ్ స్కూలుగా మొదలైంది. 1988 నుంచి అకాడమీ అయింది. డిగ్రీ చదివిన కుర్రాళ్లను, 1992 నుంచి అమ్మాయిలను కూడా, 49 వారాల్లో లెఫ్టినెంట్లుగా తయారుచేసి రెజిమెంట్లకు పంపే చోటు అది. దూరం లెక్కన చూస్తే నెల్లూరుకు విజయవాడ కంటే ఇదే దగ్గర. పెళ్లి పట్టుచీరలకూ పెద్దాసుపత్రులకూ చెన్నై వెళ్లొచ్చే కుటుంబాలు ఈ జిల్లాలో లెక్కలేనన్ని. ఆ గేటు లోపలికి తమ ఇంటి పిల్లలు కూడా వెళ్లొచ్చన్న ఆలోచన మాత్రం చాలా ఇళ్లలో రాదు.

మిలిటరీ తెలియని ప్రాంతమా అంటే కాదు. పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు, గిద్దలూరు, కంభం చుట్టుపక్కల పల్లెల నుంచి జవాన్లుగా వెళ్లినవాళ్లు తరతరాలుగా ఉన్నారు. సెలవు మీద వచ్చిన అన్న తెచ్చే క్యాంటీన్ సామాను, రిటైరైన బాబాయికి వచ్చే పింఛను, ఇవి చూస్తూ పెరిగిన పిల్లలు అక్కడ ఎందరో. గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు నుంచి నోటిఫికేషన్ వచ్చిందంటే తెల్లారకముందే గ్రౌండుల్లో 1,600 మీటర్ల పరుగు మొదలవుతుంది. 2022లో అగ్నిపథ్ వచ్చి, ఉద్యోగం నాలుగేళ్లకు కుదించుకుపోయినా ఆ పరుగు ఆగలేదు. ఇందులో ఆలోచించాల్సింది ఒకటుంది. ఇంటర్ తప్పిన కుర్రాడూ, ఫస్ట్ క్లాసులో బీఎస్సీ పాసైన కుర్రాడూ పక్కపక్కనే అదే పోస్టు కోసం పరిగెడుతుంటారు. జవాను ఉద్యోగం తక్కువదని కాదు, సైన్యం నిలబడేదే వాళ్ల మీద. కానీ రెండోవాడికి ఇంకో తలుపు కూడా తెరిచి ఉందని ఎవరూ చెప్పలేదు. ఒకవేళ చెప్పినా, దానికి కావాల్సిన తయారీ డిగ్రీ మూడేళ్లలో జరగలేదు. ఒంట్లో బలం, మార్కులు ఇక్కడి పిల్లలకు లోటు కావు. సమాచారం లేదు. నలుగురిలో నిలబడి నిర్ణయం తీసుకునే అలవాటు అంతకన్నా లేదు.

సమాచారం సంగతి త్వరగా తేల్చేయొచ్చు. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు సీడీఎస్, అంటే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష పెడుతుంది. దాంతో డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ, కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీ, మన హైదరాబాద్ పక్కనున్న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, చెన్నై ఓటీఏ నాలుగింటికీ ఎంపిక జరుగుతుంది. మొదటి మూడింటికి ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్, లెక్కలు మూడు పేపర్లు. ఓటీఏకు లెక్కల పేపరు లేదు. బీఏ, బీకాం వాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా చాలు. ప్రశ్నపత్రం తెలుగులో ఉండదు, ఇంగ్లిష్, హిందీలే. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. ఇంజినీరింగ్ వాళ్లకు షార్ట్ సర్వీస్ టెక్నికల్ ఎంట్రీ ఉంది. దానికి రాతపరీక్షే లేదు, బీటెక్ మార్కులు చూసి పిలుస్తారు. ఎయిర్‌ఫోర్సుకు విడిగా ఏఎఫ్‌క్యాట్ అనే పరీక్ష ఉంది. ఇవి కాక ఎన్‌సీసీ, అంటే నేషనల్ క్యాడెట్ కోర్‌లో శిక్షణ పొందినవాళ్లకు స్పెషల్ ఎంట్రీ. డిగ్రీలో 50 శాతం మార్కులు, ఎన్‌సీసీ ‘సీ’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బీ’ గ్రేడు ఉంటే రాతపరీక్ష లేకుండానే ఇంటర్వ్యూకు పిలుస్తారు. వయసు 19 నుంచి 25 లోపు ఉండాలి. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్లు కూడా పెట్టుకోవచ్చు. సీడీఎస్ రాసేవాళ్లకు సైతం ‘సీ’ సర్టిఫికెట్ అక్కరకొస్తుంది. డెహ్రాడూన్ సీట్లలో 13, ఎన్‌సీసీ ఆర్మీ వింగ్ ‘సీ’ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే.

ఈ సర్టిఫికెట్ దగ్గరే మన పిల్లలు ఎక్కువగా పొరపాటు పడతారు. కాలేజీలో ‘బీ’ సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే రెండేళ్ల శిక్షణ పూర్తి కావాలి. అది పాసయ్యాకే మూడో ఏట ‘సీ’. 75 శాతం పరేడ్ హాజరు, క్యాంపులు తప్పనిసరి. అంటే మూడేళ్ల డిగ్రీలో ఫస్టియర్ చేరిన కొత్తల్లోనే పేరు ఇవ్వాలి. ‘ముందు కాలేజీ అలవాటు కానీ, వచ్చే ఏడు చూద్దాం’ అనుకున్నవాడికి ‘సీ’ సర్టిఫికెట్ దాదాపు చేజారినట్టే. బీటెక్ వాళ్లకు ఒక ఏడాది వెసులుబాటు ఉంది. ఇంటర్ నుంచే సీనియర్ డివిజన్‌లో, అంటే ఎన్‌సీసీ కాలేజీ విభాగంలో ఉన్నవాళ్లకు ఇంకాస్త నయం. అడ్మిషన్ల రోజున ఫీజు కౌంటర్ దగ్గర ఒక కాగితం అంటించినా ఈ విషయం వందల మందికి తెలుస్తుంది. చాలా కాలేజీలు బస్సు రూట్లు అంటిస్తాయి, ఇది అంటించవు.

ఎన్‌సీసీ పుట్టుక కూడా తెలుసుకోదగ్గదే. 1946లో హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన వేసిన కమిటీ సిఫార్సుతో, పార్లమెంటు చట్టం ద్వారా 1948 జులైలో ఇది మొదలైంది. మరుసటి ఏడే బాలికల విభాగం వచ్చింది. 1963లో కాలేజీల్లో తప్పనిసరి చేశారు, 1968లో మళ్లీ ఐచ్ఛికం అయింది. డెబ్బై అయిదు దాటిన పెద్దవాళ్లను కదిపితే ఆ తప్పనిసరి పరేడ్ల ముచ్చట్లు బయటికొస్తాయి. 2020 ఆగస్టు 15న తీర, సరిహద్దు జిల్లాల్లో ఎన్‌సీసీని విస్తరించి కొత్తగా లక్ష మంది క్యాడెట్లను తీసుకుంటామని ప్రధాని ప్రకటించారు. నెల్లూరు, ప్రకాశం రెండూ తీర జిల్లాలే. 2021లో యూజీసీ ఎన్‌సీసీని క్రెడిట్లు ఉండే ఎలెక్టివ్‌గా పెట్టుకోవచ్చని యూనివర్సిటీలకు చెప్పింది. సీట్లు పరిమితం కాబట్టి, సొంత ఖర్చుతో యూనిట్ పెట్టుకునే పద్ధతి కూడా ప్రైవేటు కాలేజీలకు ఉంది. కాగితం మీద లోటేమీ లేదు.

గ్రౌండులో ఏం జరుగుతుందో చూస్తే కథ తెలుస్తుంది. శనివారం పొద్దున పరేడ్. సావధాన్, విశ్రామ్, దాయే ముడ్, తేజ్ చల్, కమాండ్లన్నీ హిందీలోనే. బెటాలియన్ నుంచి వచ్చిన హవల్దారు ఒక కొత్త క్యాడెట్‌ను వరసలోంచి బయటికి పిలిచి, ‘ఇప్పుడు స్క్వాడ్‌ను నువ్వు నడిపించు’ అంటాడు. ఆ పిల్లవాడు పదో తరగతి దాకా తెలుగు మీడియం. గొంతు పెగలదు. పెగిలినా, ఏ కాలు నేల మీద పడేటప్పుడు ‘థమ్’ అనాలో తెలియక ఆలస్యంగా అంటాడు. ముందు వరస ఆగుతుంది, వెనక వరస వచ్చి ముందువాళ్ల మడమలు తొక్కుతుంది. అందరూ నవ్వుతారు. మళ్లీ చేయిస్తాడు. నాలుగో శనివారానికి గొంతు గ్రౌండు అవతలికి వినపడుతుంది. పైకి చూస్తే అది డ్రిల్లు. అసలు జరిగింది ఏమిటంటే, తన మాట ఆలస్యమైతే ముప్పై మంది తడబడతారని ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఒంటితో తెలిసింది.

అయితే డ్రిల్లే నాయకత్వం అనుకుంటే పొరపాటు. పది రోజుల వార్షిక క్యాంపులో అసలు పరీక్ష. వేరే కాలేజీల వాళ్లతో ఒకే డార్మిటరీ, కొళాయి దగ్గర గొడవలు, మెస్ డ్యూటీ, రాత్రి సెంట్రీ, జ్వరం వచ్చిన తోటి క్యాడెట్. లాన్స్ కార్పొరల్, కార్పొరల్, సార్జెంట్ నుంచి సీనియర్ అండర్ ఆఫీసర్ దాకా ఉన్న హోదాలు ఇక్కడే అర్థవంతం అవుతాయి. భుజం మీద పట్టీ ఉన్నవాడు చివర తినాలి, ముందు లేవాలి.

ఇదంతా బాగా నడిచే చోట సంగతి. కొన్ని కాలేజీల్లో ఎన్‌సీసీ అంటే హాజరు, పరేడ్ తర్వాత పూరీ, జనవరి 26న కలెక్టర్ ముందు కవాతు, అంతే. పొడుగ్గా ఉన్నవాడికి సీనియర్ అండర్ ఆఫీసర్ పదవి, గైడు పుస్తకం బట్టీ కొట్టి ‘సీ’ పరీక్ష. యూనిట్ బాగుంటుందా లేదా అనేది చాలావరకు దాన్ని చూసే లెక్చరర్ మీద ఆధారపడి ఉంటుంది. వీళ్లను అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్లు అంటారు. మగవాళ్లకు నాగ్‌పూర్ దగ్గర కామ్టీలో, ఆడవాళ్లకు గ్వాలియర్‌లో శిక్షణ ఇచ్చి పంపుతారు. పాఠాలు, పరీక్ష పేపర్లు, కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ సంస్థకు రిపోర్టులు అన్నీ మోస్తూ ఈ పని కూడా చేయాలి. మనసు పెట్టి చేసే లెక్చరర్ బదిలీ అయితే యూనిట్ ప్రాణం కూడా ఆయన వెంటే పోవడం మామూలే.

సర్టిఫికెట్ ఎలా సంపాదించారన్నది ఎస్ఎస్‌బీలో మొదటి రోజే బయటపడుతుంది. ఎస్ఎస్‌బీ అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు. ఏ దారిన వచ్చినా చివరికి అందరూ దీని ముందు నిలబడాల్సిందే. ఆర్మీకి ప్రయాగ్‌రాజ్, భోపాల్, బెంగళూరు, జలంధర్‌లలో కేంద్రాలున్నాయి. ఐదు రోజులు అక్కడే ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యం ఆఫీసర్లను ఎంచుకోవడానికి తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ మూలం మారలేదు. మనిషిని మూడు వైపుల నుంచి ముగ్గురు చూస్తారు. సైకాలజిస్టు రాతలో చూస్తాడు, గ్రూప్ టెస్టింగ్ ఆఫీసరు గ్రౌండులో చూస్తాడు, ఇంటర్వ్యూ ఆఫీసరు ఎదురుగా కూర్చుని చూస్తాడు. వాళ్లు వెతికేవి 15 లక్షణాలు. చివరి రోజు బోర్డు అంతా కూర్చుని తేలుస్తుంది.

తొలి రోజు ఒక మసక బొమ్మను 30 సెకన్లు చూపిస్తారు. నాలుగు నిమిషాల్లో దాని మీద కథ రాయాలి, తర్వాత గుంపులో చెప్పాలి, అందరూ కలిసి ఒక కథకు రావాలి. చాలామంది ఆ మధ్యాహ్నమే పెట్టె సర్దుకుని తిరుగు రైలెక్కుతారు. మిగిలినవాళ్లకు రెండో రోజు 60 మాటలు ఒక్కోటి 15 సెకన్ల చొప్పున చూపిస్తారు, తోచిన వాక్యం రాయాలి. 60 పరిస్థితులు ఇస్తారు, 30 నిమిషాల్లో ఏం చేస్తావో రాయాలి. ఆలోచించి అతికించుకోవడానికి వ్యవధి లేకుండా ఈ లెక్క పెట్టారు. కోచింగ్‌లో నేర్పిన కథలు దెబ్బతినేది ఇక్కడే. ఊళ్లో వరద, ఒక యువకుడు, పడవ, అందరినీ కాపాడాడు, కలెక్టరు మెచ్చుకున్నాడు. ఏ బొమ్మ చూపించినా ఇదే కథ. సైకాలజిస్టు ముందున్న కట్టలో అలాంటివి ఇంకెన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

గ్రౌండులో జరిగేది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎనిమిది, పది మందికి ఒక చెక్క పలక, ఒక దుంగ, ఒక తాడు, మోయాల్సిన ఒక బరువు పెట్టె ఇస్తారు. ఇక్కడి గీత నుంచి అక్కడి గీత దాకా దిమ్మెలు, స్తంభాల మీదుగా నేల తాకకుండా అందరూ, సామానుతో సహా, దాటాలి. ఎర్ర రంగు వేసిన చోట కాలు గానీ పలక గానీ తగలకూడదు. నాయకుడు ఎవరో చెప్పరు. ఆఫీసరు పక్కన నోట్‌బుక్ పట్టుకుని నిలబడతాడు, ఒక్క మాట మాట్లాడడు. రెండు నిమిషాల్లో మనుషులు విడివిడిగా కనబడతారు. ఒకడు అందరికంటే గట్టిగా అరుస్తుంటాడు, కానీ పలక మోసేటప్పుడు వెనక ఉంటాడు. ఒకడికి ఉపాయం తెలుసు, నోరు మెదపడు. ఇంకొకడు అరవడు, పలకను దిమ్మెకు ఎంతవరకు ఆనించాలో చేత్తో చూపించి, తాడు కడుతూ, జంకుతున్న పొట్టివాడికి చెయ్యి అందిస్తాడు. ఆ మూడోవాడికి ఇంగ్లిష్ అంతంతమాత్రమే అయినా పెద్ద ఇబ్బంది లేదు. గట్టిగా మాట్లాడేవాడే ఎస్ఎస్‌బీలో గెలుస్తాడన్నది మన దగ్గర బాగా పాతుకుపోయిన అపోహ.

మన జిల్లాల పిల్లలకు ఎక్కువ చిక్కు రెండోవాడితోనే, అంటే తెలిసీ మెదలనివాడితో. దీనికి కారణం వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. ఆరో తరగతిలోనో ఇంటర్‌లోనో రెసిడెన్షియల్ క్యాంపస్‌లో వేస్తాం. లేవడం బెల్లుకు, తినడం బెల్లుకు, చదవడం బెల్లుకు. స్టడీ అవర్‌లో పక్కవాడితో మాట్లాడితే తప్పు. ఏ గ్రూపు తీసుకోవాలో నాన్న చెప్పాడు, ఏ చాప్టర్ చదవాలో ప్రోగ్రాం షీటు చెప్పింది. పదేళ్లు ఎవరూ ‘నువ్వేం చేద్దామంటావు?’ అని అడగని కుర్రాడిని ఐదు రోజులు నిలబెట్టి అదే ప్రశ్న వంద రకాలుగా అడిగితే బిత్తరపోక ఏం చేస్తాడు? ర్యాంకుల విషయంలో ఈ పద్ధతి ఫలితాలు ఇచ్చి ఉండొచ్చు. ఈ విషయంలో మాత్రం నష్టమే చేసింది.

ఇంటి దగ్గర పెరిగినవాడికి ఇంకో రకం ఇబ్బంది. అతనికి అనుభవం ఉంటుంది, అది అనుభవం అని తెలియదు. ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల గుంటలున్న ఇంటి కుర్రాడిని తీసుకుందాం. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడే కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి. జనరేటర్ మొరాయిస్తే కొద్దిసేపట్లోనే లక్షల రూపాయల సరుకు తేలిపోతుంది. నాన్న ఊళ్లో లేని రాత్రి ఆ కుర్రాడు కాపలా మనిషిని లేపి, పక్క గుంటవాళ్ల జనరేటర్ అడిగి, వైరు లాగి, రెండు ఏరియేటర్లయినా తిప్పుతాడు. ఎస్ఎస్‌బీలో ఇచ్చే వివరాల ఫారంలో బాధ్యతలు, హాబీలు అడిగిన చోట అదే కుర్రాడు ‘పాటలు వినడం, క్రికెట్ చూడడం’ అని రాసి వస్తాడు. ఇంటర్వ్యూ ఆఫీసరు అడిగేది ఆ ఫారం చూసే. 2021 నవంబరు పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు ఏం చేశారో వాళ్లను అడిగితేనే గానీ తెలియదు, వాళ్లంతట వాళ్లు ఫారంలో రాసుకోరు.

సొంత ఊరి గురించి అడగడం ఆ ఇంటర్వ్యూలో మామూలే. చీమకుర్తి పక్క ఊరివాడికి గ్రానైట్ ఎక్కడెక్కడికి పోతుందో తెలిసి ఉండాలి. కంభం అని రాసినవాడికి ఆ చెరువు విజయనగర కాలం నాటిదనీ, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు పొందిందనీ తెలియాలి. అంతకు మించి, ఆయకట్టు చివరి రైతుకు నీళ్లు ఎందుకు అందడం లేదో తన మాటల్లో చెప్పగలగాలి. ఇది జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో దొరకదు. ఇంగ్లిష్‌లో చెప్పాలి నిజమే, కానీ యాస చూడరు, చిన్న వాక్యాల్లో సూటిగా చెబితే చాలు. మూడేళ్ల డిగ్రీలో రోజూ పది నిమిషాలు స్నేహితుల మధ్య మాట్లాడుకుంటే వచ్చేదాన్ని కాల్ లెటర్ వచ్చాక నెల రోజుల్లో తెచ్చుకోవాలని చూడడం వల్లే ఆ టెన్షన్ అంతా.

మెడికల్ గురించి ఒక్క మాట. ఎస్ఎస్‌బీ సిఫార్సు చేశాక జరిగే వైద్య పరీక్షలో బరువు, చెవి, పళ్లు లాంటి చిన్న విషయాల దగ్గర ఇబ్బంది పడేవాళ్లుంటారు. ఇవి ముందే డాక్టరుకు చూపించుకుంటే సరిపోయేవే. రంగులు గుర్తించడంలో లోపం ఉందేమో మాత్రం డిగ్రీలో చేరినప్పుడే తెలుసుకోవడం మేలు. అది తర్వాత బాగయ్యేది కాదు.

అమ్మాయిల విషయంలో ఇళ్లలో భయం ఎక్కువ. ‘ఎక్కడో బోర్డర్‌లో’ అన్న మాటతోనే సంభాషణ ముగుస్తుంది. ఓటీఏలో వాళ్లూ మగపిల్లలతో పాటే అన్ని వారాలూ శిక్షణ పొందుతారు. ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో వాళ్ల సీట్లు చాలా తక్కువ, ఇది దాచాల్సిన పని లేదు. అయినా 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో మహిళా ఆఫీసర్లకు పర్మనెంట్ కమిషన్, అంటే రిటైర్మెంటు దాకా ఆఫీసరుగా కొనసాగే దారి తెరుచుకుంది కాబట్టి, పదేళ్లకో పద్నాలుగేళ్లకో ఇంటికి రావాల్సిందేనన్న మాట ఇప్పుడు చెల్లదు.

ఇక తల్లిదండ్రులు తప్పకుండా అడిగే డబ్బు సంగతి. శిక్షణలోనే నెలకు రూ.56,100 స్టైపెండ్. లెఫ్టినెంట్ మూల వేతనమూ అక్కడే మొదలవుతుంది. దాని మీద మిలిటరీ సర్వీస్ పే రూ.15,500, కరువు భత్యం, ఇతర అలవెన్సులు. శిక్షణ పూర్తయినవాళ్లకు మద్రాసు యూనివర్సిటీ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లో పీజీ డిప్లొమా ఇస్తుంది. కష్టంగా ఉందని మధ్యలో మానేస్తే మాత్రం శిక్షణ ఖర్చు వెనక్కి కట్టాలి. షార్ట్ సర్వీస్ పదేళ్లు, ఇష్టమైతే ఇంకో నాలుగేళ్లు. పర్మనెంట్ కమిషన్ రాకుండా బయటికొచ్చినవాళ్లకు గ్రాట్యుటీ ఉంటుంది, పింఛను ఉండదు. కంభం వైపు పల్లెల్లో మిలిటరీ అనగానే పింఛను గుర్తొస్తుంది కాబట్టి ఈ తేడా చేరకముందే తెలియాలి. 23 ఏళ్లకు కమిషన్ అందుకున్నవాడు పదేళ్లకు బయటికొస్తే 33. ఐదేళ్ల సైనిక సేవ ఉన్న షార్ట్ సర్వీస్ ఆఫీసర్లకు సివిల్ సర్వీసెస్ పరీక్షలో ఐదేళ్ల దాకా వయసు సడలింపు ఉంది, జనరల్ కేటగిరీలో అది 37 దాకా వస్తుంది. అదే పద్నాలుగేళ్లు ఉండి వస్తే ఆ గడువు దాటిపోతుంది. సివిల్స్ మీద మనసున్నవాళ్లు పదో ఏట పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టేముందు ఈ లెక్క చూసుకోవాలి.